పిడుగు బ్యాండు పాట

మా బ్యాండు పేరు పిడుగు. పేరు పెట్టింది నేనే. జనం మీద ఆకాశం నుంచి పడతామని, పడ్డచోటల్లా భగ్గుమంటుందని అప్పట్లో గట్టి నమ్మకం. మొన్నామధ్య మా భాగ్య ఆ పేరు విని, "పిడుగులని చిన్నపిల్లల్ని అంటరు గద! మీకేంది గా పేరు?" అంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమెకు నా బ్యాండు సంగతి సరిగ్గా తెలియదు. నేనేం దాచలేదు. నేను చెప్పబోయినప్పుడల్లా ఆమెకు పొయ్యి మీద ఏదో ఒకటి మాడేది.

నా పేరు పరశురాములు. జనగామలో సూర్యాపేట రోడ్డు మీద టైల్సు, బాత్రూము సామాన్ల షాపు ఉంది. ఊళ్ళో అందరూ టైల్సు పరశన్న అంటారు. నా లెక్కలో మాత్రం నేను గిటారిస్టును. కమోడు గ్యారంటీ గురించి వివరించేటప్పుడు కూడా గిటారిస్టునే.

బ్యాండులో ముగ్గురం. గిటారూ గొంతూ నావి. డ్రమ్ములు కట్టయ్యవి. వాడిప్పుడు భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు, ముందుగానే రిటైర్మెంటు తీసుకోబోతున్నాడు. బాస్ గిటారు టీక్యాది. గూడూరు దగ్గరి తండాలో పుట్టాడు, ఇప్పుడు మహబూబాబాద్‌లో బస్సు కండక్టరు. జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో వాళ్ళిద్దరూ అద్దెకున్న గదిలో నేను పడి ఉండేవాణ్ణి. సికింద్రాబాదు ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లీషు రాక్ క్యాసెట్లు అరిగిపోయేదాకా వినేవాళ్ళం. మాటలు అర్థమయ్యేవి కావు. అర్థం కానిదంతా గొప్పదని నమ్మి మేమూ జుట్టు పెంచాం. కట్టయ్యకు అప్పటికే జుట్టు రాలుతోంది, అందుకని వాడు గడ్డం పెంచాడు.

కాలేజీ వార్షికోత్సవంలో ఒకసారి వాయించాం. వినాయకుడి మండపం ముందు ఒకసారి మొదలుపెట్టాం, పూర్తి చేయనివ్వలేదు. టీక్యా చెల్లెలు నీలి పెళ్ళికి తండాలో వాయించాం. మా చరిత్ర మొత్తం ఇదే. ఆ తర్వాత కట్టయ్యకు సింగరేణిలో, టీక్యాకు ఆర్టీసీలో ఉద్యోగాలొచ్చాయి. నన్ను మా నాయిన షాపులో కూర్చోబెట్టాడు. "బ్యాండు విడిపోయింది" అని నేను గంభీరంగా చెబుతుంటాను, వెనకాల ఏవో పెద్ద గొడవలు జరిగినట్టు. గొడవలేం లేవు. ఎవరి బస్సు వాళ్ళు ఎక్కారు, అంతే.

పోయిన చలికాలంలో ఒకనాడు షాపులో గిరాకీ లేక ఫోను చూస్తున్నాను. ఏదో దేశంలో ఒక పాత రాక్ బ్యాండు చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ స్టేజెక్కింది. అందరూ డెబ్బై దాటినవాళ్ళు. పాటగాణ్ణి ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారు. అతను మొదటి మాట అందుకున్నాడో లేదో ఇసుకేస్తే రాలనంత జనం ఒక్క గొంతుతో మిగతా పాటంతా పాడేశారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు. మనవళ్ళను భుజాల మీద ఎక్కించుకుని ఎగిరేవాళ్ళు ఎగురుతున్నారు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. వాష్‌బేసిన్ చూడటానికి వచ్చినాయన జాలిగా అడిగాడు.

"ఏందన్నా, మనోళ్ళు ఎవరన్న పోయిన్రా?"

పోలేదు, తిరిగొచ్చారు అని చెప్పాను. ఆయన బేసిన్ కొనకుండానే వెళ్ళిపోయాడు.

వెంటనే కట్టయ్యకు ఫోను కొట్టాను.

"అరేయ్ కట్టయ్యా, మనం మళ్ళ రావాలెరా."

"యాడికి?"

"స్టేజి మీదికి."

అవతల యంత్రాల మోత. వాడు అరిచాడు. "ఏ స్టేజిరా నాయినా? నా మోకాలి నొప్పి ఇప్పటికే మూడో స్టేజి అన్నడు డాక్టరు!"

అయినా వాడు కాదనలేదు. టీక్యా అసలే మొహమాటస్థుడు, ఎవరేమన్నా రైట్ అంటాడు. అలా పిడుగు మళ్ళీ పడటానికి సిద్ధమైంది.

రిహార్సల్సు భూపాలపల్లిలో, కట్టయ్య క్వార్టరులో. డ్రమ్ములు వాడి దగ్గరే ఉన్నాయి గనుక మేమే అక్కడికి పోవాల్సి వచ్చింది. డ్రమ్ములంటే డ్రమ్ములే, కానీ వాడి భార్య ఉమారాణి ఇన్నాళ్ళూ వాటిని ఖాళీగా ఉంచలేదు. పెద్ద డ్రమ్ము వెనక చర్మం ఎప్పుడో చిరిగితే ఆమె దాన్ని ఎండుమిరపకాయలకు వాడుకుంది. కాయలు తీసేసింది గానీ గింజలూ పొడీ లోపలే ఉండిపోయాయి. కట్టయ్య కళ్ళు మూసుకుని, గాలి గట్టిగా పీల్చి, ముప్పై ఏళ్ళ తర్వాత తొలి దెబ్బ వేశాడు. లోపలి నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. ఆ తర్వాత చాలాసేపు సంగీతం లేదు. ముగ్గురం వాకిట్లో నిలబడి దగ్గుతుంటే ఉమారాణి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, "గిదేనా మీ రాకు?" అంది.

మిరప ఘాటు తగ్గాక ఇంకో చిక్కు వచ్చింది. ఆ లైనులో సగం ఇళ్ళలో రాత్రి షిఫ్టు చేసినవాళ్ళు పగలు పడుకుంటారు. పక్కింటాయన లుంగీ మీదే వచ్చి, "కట్టన్నా, బొగ్గుబాయిల బ్లాస్టింగు, ఇంట్ల బ్లాస్టింగు. మేమెప్పుడు పండాలె?" అన్నాడు. డ్రమ్ముల మీద తువ్వాళ్ళు పరిచాం. డంపర్ మోతకు కట్టయ్యకు ఒక చెవి మందగించింది. తువ్వాళ్ళు వేశాక వాడు వాయించేది వాడికే వినపడక ఇంకా గట్టిగా బాదాడు.

నా సంగతీ చెప్పాలి. వేళ్ళు మెత్తబడిపోయాయి, కాసేపటికే బొబ్బలెక్కాయి. కళ్ళజోడు పెట్టుకుంటే గిటారు మెట్లు కనిపిస్తాయి, జనం మసకబారతారు. తీసేస్తే జనం కనిపిస్తారు, వేలు ఎక్కడ పడుతుందో తెలీదు. పాత తోలు జాకెట్టు బయటికి తీశాను. చేతులు దూరాయి. బొత్తాలు కలవలేదు, కలిసే ఆశ కూడా కనిపించలేదు.

మా అసలైన పాట ఒకటుంది. దాన్ని నేనే రాశాను, నేనే బాణీ కట్టాను. ఎత్తుగడ ఇలా ఉంటుంది:

నిప్పు పెట్టు నిప్పు పెట్టు నింగి అంచుకు
అడుగు ముందుకేసి చూడు, తలను వంచకు!

ప్రతి చరణం చివరా "ఓ… యే!" అని గొంతు చించుకోవాలి. దాన్ని ఆఖరున పెడదామన్నాను. ఏదన్నా రైట్ అనే టీక్యా ఆ ఒక్కదానికి మాత్రం నసిగాడు.

"గా పాట వద్దురా. వేరేవి ఉన్నయి గద."

"మన పాటల్ల పాటంటె అదొక్కటే. అది వద్దంటవేందిరా?"

వాడు తల గోక్కుని, బాస్ గిటారు తీగలు సవరించుకోసాగాడు. వయసుతో పాటు భయం కూడా పెరుగుతుందిలే అని నేను వాణ్ణి క్షమించాను.

స్టేజిని సంపాదించిందీ టీక్యానే. శివరాత్రికి కురవి జాతర. అక్కడ ఒక యువజన సంఘం వాళ్ళు ఏటా సాయంత్రం కార్యక్రమాలు పెడతారు. వాళ్ళలో ఒకతను రోజూ టీక్యా బస్సెక్కుతాడట. ఇంద్రజాలానికీ ఒగ్గుకథకూ మధ్య మాకు కాస్త చోటు దొరికింది.

జాతర గురించి ఏం చెప్పను! రంగుల రాట్నం, చెరుకురసం మిషన్లు, పేలాలు, కొబ్బరికాయలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పేర్లు. ఎండ వాలింది గానీ సెగ తగ్గలేదు. తోలు జాకెట్టులో నేను ఉడుకుతున్నాను. భాగ్య ముందువరస పక్కన ఒక కుర్చీ సంపాదించుకుంది. "చెమటకు జుట్టు రంగు కారుతాంది, గడ్డం తుడుచుకో" అని సైగ చేసింది. వ్యాఖ్యాత మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు మన ముందుకు వస్తున్నరు, జనగామ నుంచి విచ్చేసిన పిడుగు రాకెట్ బ్యాండు వారు! మిమిక్రీ!"

సరిదిద్దే టైము లేదు. మొదలుపెట్టాం.

తొలి పాటకు ముందువరస పిల్లలు చెవులు మూసుకున్నారు. గిటారు శబ్దం గరగరలాడాలని నేనొక పెట్టె కొని, బాగా ప్రాక్టీసు చేసి వచ్చాను. సౌండు మనిషికి అది రోగంలా వినపడింది. పాట మధ్యలో స్టేజెక్కి, "అన్నా, నీ సౌండు చీలుతున్నది, జర ఆగు" అని వైరు ఊడదీసి, ఊది, మళ్ళీ పెట్టాడు. రెండో పాటకు గరగర లేకుండా తనే ఏవో మరలు తిప్పి, నా రాక్ గిటారును భజన వీణలా మార్చేశాడు. చప్పట్లు రాలేదు. ఒక పెద్దాయన లేచి, "ఒగ్గోళ్ళు ఎప్పుడొస్తరు?" అని అడిగాడు.

ఇక మిగిలింది మా పాట. ఇప్పుడు చూద్దురుగాని అనుకుని కట్టయ్యకు సైగ చేశాను. వాడు కర్రలు తాటించి వన్ టూ త్రీ అన్నాడు. టీక్యా నేల చూపులు చూస్తూ బాస్ అందుకున్నాడు. డుంగు డుంగు డంగరి డుంగు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో ముందువరసలో ఆడవాళ్ళు తలలెత్తారు. గూడూరు వైపు నుంచి ట్రాక్టర్ల మీద వచ్చిన ఆడకూలీల గుంపు అది. ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని నవ్వారు. నేను నోరు తెరిచేలోపు వాళ్ళే అందుకున్నారు.

ఫోనులో చూసిన ఆ దేశం, ఆ జనం, ఆ ముసలి పాటగాడు అంతా కళ్ళముందు కదిలారు. ముప్పై ఏళ్ళు! మూడు ప్రదర్శనలు! అయినా మరచిపోలేదు నా జనం! కళ్ళు మూసుకున్నాను. మైకును వాళ్ళ వైపు తిప్పి పట్టుకున్నాను. పెద్ద పెద్ద పాటగాళ్ళు అలాగే చేస్తారు. గొంతులన్నీ ఒక్కటై లేచాయి:

నీళ్ళు వెట్టు నీళ్ళు వెట్టు నిండు మడులకు
అడుగు ఎనకకేసి నాటు, నడుము వంచవే!

కళ్ళు తెరిచాను.

బాణీ నాదే. అక్షరం అక్షరం నాదే అనిపించేంత దగ్గరగా ఉంది. కానీ నిప్పు నీళ్ళయింది. ముందడుగు వెనకడుగయింది. వంచొద్దన్న తల కాస్తా వంచమన్న నడుమయింది. నేను గొంతు చించుకునే "ఓ… యే" దగ్గర వాళ్ళంతా హాయిగా "ఓ… యవ్వా" అన్నారు. నేను నా మాటలతోనే గట్టిగా పాడి వాళ్ళను దారికి తెద్దామని చూశాను. మైకున్నా వాళ్ళ గొంతుల ముందు నాది నిలవలేదు. రెండు చరణాలయ్యాక నా గిటారు ఒంటరిగా మోగే చోటు వచ్చింది. నేను రెచ్చిపోయి వాయిస్తున్నాను. వాళ్ళు ఒక్కసారిగా పాట ఆపేశారు. ఆపి, నన్ను కోపంగా చూస్తున్నారు.

ముందు కూర్చున్నామె లేచింది. అరవై దగ్గర పడి ఉంటుంది. కొంగు నడుముకు బిగించి ఉంది. తర్వాత తెలిసింది, పేరు సారమ్మ. గూడూరు పక్కన నాట్లు వేసే ముఠాకు పెద్ద.

"ఏ బిడ్డా! ఆడ ఆగాలె! ఆగకుంట గట్ల పోతనే ఉంటవేంది?"

వాయించడం ఆపేశాను. కట్టయ్యకు వినపడక వాడు బాదుతూనే ఉన్నాడు. టీక్యా వెళ్ళి వాడి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

"ఆగినంక మళ్ళ నీళ్ళు వెట్టు అని ఎత్తుకోవాలె," అంది సారమ్మ. "మాటలు గూడ తప్పు వాడుతాన్నవ్. నిప్పు వెట్టుడేంది? పంటకు నిప్పు వెడుతరా ఎవలన్న?"

జనం గొల్లుమన్నారు. నా చెవులు కాలాయి. మైకు దగ్గరికి వచ్చి, వీలైనంత హుందాగా, "అమ్మా, ఈ పాట మేమే రాసినం," అన్నాను.

నవ్వు ఇంకా పెరిగింది. సారమ్మ నవ్వలేదు. నన్ను కింది నుంచి పై దాకా, జాకెట్టుతో సహా, చూసింది.

"మా అత్త నేర్పింది నాకు. మా అత్తకు వాళ్ళ అవ్వ నేర్పి ఉంటది. నీకెంత ఉంటయి బిడ్డా, ఒక యాభై ఉంటయా? పాటకు నీకన్న ఎక్కువ ఉంటయి."

వ్యాఖ్యాత చప్పున మైకు లాక్కున్నాడు. "మన ఆడబిడ్డలు తాతలనాటి నాట్ల పాటను గుర్తుచేసిన్రు! దానికి రాకెట్ మ్యూజిక్కు కట్టిన జనగామ అన్నలకు గట్టిగ చప్పట్లు!"

ఆ సాయంత్రం మాకు వచ్చిన చప్పట్లు అవే. తర్వాత ఒగ్గుకథ డోలు మోగింది.

స్టేజి వెనక చాయ్ డబ్బా దగ్గర ముగ్గురం కూర్చున్నాం. భాగ్య పల్లీలు తింటూ నవ్వు ఆపుకోలేక ఇబ్బంది పడుతోంది. కట్టయ్యకు అసలేం జరిగిందో సగమే తెలిసింది, వాడు చప్పట్లు మాత్రం విన్నాడు కాబట్టి సంతోషంగా ఉన్నాడు. నేను టీక్యా వైపు తిరిగాను.

"నీకు ముందే తెల్సు గదరా?"

వాడు చాయ్ గ్లాసులోకి చూశాడు. "తెల్సు. మా నీలి పెండ్లిల విన్నరు గద, తండ ఆడోళ్ళు పట్టుకున్నరు. నాట్లకు పోయిన ఊరల్ల పంచిన్రు. నా బస్సుల ఏండ్ల సంది వింటున్న. కూలీలు ఎక్కితె చాలు, మహబూబాబాద్ దాక గదే పాట."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వచ్చి బస్సు ఆపి, గీ పాట నేనే రాసిన అంటవ్. పని మీద పోయేటోళ్ళ ముంగట నా ఇజ్జత్ పోతది."

కచ్చితంగా అదే చేసి ఉండేవాణ్ణి.

"ఆ ఆగుడేంది మరి? మన పాటల ఎక్కడ ఆగినం?" అన్నాడు కట్టయ్య.

టీక్యా నా వంక చూశాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. నీలి పెళ్ళిలో మాకు కరెంటు బావి మోటరు లైను నుంచి ఇచ్చారు. మోటరు ఆగినప్పుడల్లా గిటారు రంకెలేసేది, నడిచినప్పుడల్లా మూలిగేది. ఆ మూలుగును కప్పేద్దామని నేను గట్టిగా లాగితే పాట మధ్యలో తీగ టప్పున తెగింది. కాసేపు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. టీక్యా, కట్టయ్య కూడా ఆగిపోయారు. తర్వాత మిగిలిన తీగలతో మళ్ళీ ఎత్తుకున్నాం. తండా ఆడవాళ్ళు ఆ నిలబడటం కూడా పాటలో భాగమే అనుకుని, పాటతో పాటు దాన్నీ తీసుకుపోయారు.

నేను రాసిన మాటలు ఒక్కటీ మిగల్లేదు. తెగిన తీగ మిగిలింది.

ఆ తర్వాత చాలా రోజులు నేను ముభావంగా ఉన్నాను. గిటారు గోడకు తగిలించేశాను. ఫోనులో పాత బ్యాండ్ల వీడియోలు వస్తే పైకి తోసేస్తున్నాను. ఒకరోజు అన్నం పెడుతూ భాగ్య అడిగింది.

"ఏందయ్యా, ఇంక అలుగుడు అయిపోలేదా?"

"నా పేరు ఎవ్వలికి తెల్వదు భాగ్యా. పాటను వాళ్ళు మొత్తం మార్చిన్రు."

"మార్చకుంటె ఉంచుకుందురా? నువ్వు రాసింది నాకు గూడ ఒకసారి వినిపిచ్చినవ్ పెండ్లయిన కొత్తల. నింగికి నిప్పు పెడితె ఎవలికేమొస్తది? వాళ్ళు పనికొచ్చేటట్టు చేసుకున్నరు." కూర వడ్డించి, కొంచెం మెత్తగా, "మంచిగుందయ్యా, వాళ్ళు వాడినప్పుడు. నువ్వు జర కళ్ళు మూసుకున్నవ్ గద, అప్పుడు నిన్ను చూస్తె నాకు కూడ ఎట్లనో అయింది" అంది.

నేను కంచంలోకి చూస్తూ తిన్నాను. ఆమె చెప్పింది నచ్చిందని వెంటనే ఒప్పుకుంటే నా అలకకు విలువుండదు.

వానలు పడ్డాక కట్టయ్య ఫోను చేశాడు. రిటైర్మెంటు ఫంక్షన్లో ఆ పాటే వాయించాలని వాడి కోరిక. నిప్పుది కాదు, నీళ్ళది.

"దానికి ఇంక చరణాలున్నయటరా. టీక్యా చెప్పిండు. నీలి పొలంల నాట్లు పడుతున్నయట, సారమ్మ ముఠానే వస్తదట. పోయి నేర్చుకుందం."

"నా పాట నేను పోయి నేర్చుకోవాల్నా?"

"నీది నీకొస్తది గద. వాళ్ళది నేర్చుకుందం."

గూడూరుకు టీక్యా బస్సులోనే పోయాం. గిటారును సామాను కింద లెక్కగట్టి టికెట్ కొట్టాడు. "రూల్ రూలేరా" అన్నాడు. నీలి గట్టు మీదే ఎదురొచ్చింది. నేను చూసిన పెళ్ళికూతురికి ఇప్పుడు తల సగం నెరిసింది. మాకు మంచినీళ్ళిచ్చి, "అన్నా, మా ముఠాల దిగుతరా, గట్టు మీద ఉంటరా?" అని అడిగింది. నేను ప్యాంటు మడిచి పౌరుషంగా మడిలోకి దిగాను. రెండో అడుగు వేయబోతే మొదటి కాలు రాలేదు. దాన్ని లాగితే చెప్పు లేకుండా వచ్చింది. ఇద్దరాడవాళ్ళు రెక్కలు పట్టుకుని నన్ను గట్టు మీదికి చేర్చారు. సారమ్మ నడుము వంచి నారు అందుకుంటూనే కొత్త చరణం ఎత్తుకుంది:

గట్టు మీద కూసున్నోడు గడియ దిగడు
బురద అంటుకుంటదంట, బుగులు దొరకు!

బురదకు భయపడే ఆ దొర చరణం ముందే ఉందా, నన్ను చూసి అప్పుడే కట్టిందా అన్నది ఈరోజుకీ నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు.

బ్యాటరీ స్పీకరుకు గిటారు తగిలించి నేను గట్టు మీద కూర్చుని వాయించాను. కట్టయ్య మోకాలు చాపుకుని పురుగుమందు డబ్బా బోర్లించి కొట్టాడు. కొంచెంసేపటికే సారమ్మ అరిచింది.

"మెల్లగ! మెల్లగ కొట్టుండ్రి! మావి నడుములా, మిషన్లా?"

నెమ్మదించాను. ఇంకా నెమ్మది అంది. ఇంకా తగ్గించాను. జీవితంలో నేను అంత నెమ్మదిగా ఎప్పుడూ వాయించలేదు. అలా వాయిస్తే పాటకు ఊపిరి ఆడుతోందనిపించింది. వాళ్ళ చేతులు నీళ్ళలో మునిగి లేస్తున్నాయి, పాదాలు ఒక్కటొక్కటిగా వెనక్కి పడుతున్నాయి. ఆగే చోటు వచ్చింది. నేను తీగల మీద నుంచి చెయ్యి తీశాను. ముఠా మొత్తం లేచి నిలబడింది. చేతులు నడుముల మీద పెట్టుకుని వెనక్కి వంగారు. ఒకామె భుజంతో చెమట తుడుచుకుంది. సారమ్మ కళ్ళు మూసుకుని రెండు మూడు ఊపిర్లు తీసుకుంది. మడి మీద గాలి తప్ప చప్పుడు లేదు. తర్వాత ఎవరూ సైగ చేయకుండానే అందరూ కలిసి "నీళ్ళు వెట్టు" అంటూ వంగారు.

అన్నం వేళకు గట్టు మీద కూర్చున్నప్పుడు సారమ్మకు తీగ తెగిన సంగతి చెప్పాను. పాట మాదేనని నిరూపించుకోవాలన్న ఆశ నాలో ఇంకా కొంచెం ఉందేమో. నీలి కూడా, "నిజమే పెద్దమ్మా, నా పెండ్లిలనే తెగింది. వైరు వచ్చి ఈ అన్న మూతికే తాకింది" అంది. మూతి సంగతి నేను చెప్పలేదు, ఆమె చెప్పింది.

సారమ్మ పచ్చిపులుసు కలుపుకుంటూ ఆలోచించింది.

"తెగింది మంచిగైంది బిడ్డా. అది తెగకుంటె మా నడుములు తెగుతుండె."

అంతే. పాట ఎవరిదన్న చర్చ అక్కడ ముగిసింది. ఎవరు గెలిచారో నేను భాగ్యకు ఇంకా చెప్పలేదు. కట్టయ్య ఫంక్షన్‌కు రమ్మంటే, "వస్తం గని ఆయితారం పెట్టుకో, కూలి దినం పాడుచేసుకోం" అంది సారమ్మ. కట్టయ్య అక్కడికక్కడే ఆదివారానికి ఒప్పుకున్నాడు.

బువ్వలయ్యాక అందరూ లేస్తుంటే నీలి నా దగ్గర ఆగింది.

"అన్నా, నాట్లు అయిపోవస్తున్నయి. కలుపుకు గీ పాట కుదరది, నడక వేరే ఉంటది. కలుపుకు ఒకటి కట్టరాదు?"

నన్ను పాట కట్టమని అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. నేను రాసినవన్నీ ఎవరూ అడగకుండానే రాశాను. గిటారు ఒళ్ళోకి తీసుకుని, కళ్ళజోడు పైకి తోసుకున్నాను.

"కలుపు తీసేటప్పుడు చెయ్యి ఎట్ల నడుస్తది, జర చూపియ్యి."

ఆమె గట్టు మీదే గొంతుక్కూర్చుని గడ్డిపరకలు పీకి చూపించింది. కుడిచెయ్యి రెండుసార్లు పీకుతుంది, మూడోసారి పక్కకు విసురుతుంది, కూర్చున్నట్టే ముందుకు జరుగుతుంది. కట్టయ్య దాన్ని డబ్బా మీద పట్టుకున్నాడు. డ్యూటీ దిగి ఆ బట్టలతోనే వచ్చిన టీక్యా పక్కన కూర్చుని నోటితో డుంగు డుంగు అన్నాడు. నేను మొదటి వరుస ఒకటి పాడాను.

"ఛీ, బళ్ళె పద్యం లెక్కున్నది," అంది సారమ్మ మడిలోంచి. "ఇంకోటి చెప్పు."

ఇంకోటి మొదలుపెట్టాను.